విండోస్ 11కి మారాక కంప్యూటర్ క్రాష్ అవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. అప్పటి నుంచి చుట్టాల్లో, స్నేహితుల్లో కంప్యూటర్ సంగతులు తెలిసిన మనిషిగా పేరుపడ్డందుకు నాకు ఫోన్లు ఆగడం లేదు. దాదాపు అందరిదీ ఒకటే మాట: "నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌గ్రేడ్ చేశాకే ఇలా అయింది." అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీ కంప్యూటర్ ఏ దశలో ఉందో చూసుకుని అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు. కమాండ్లను ఫోన్లో చెప్పినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

## అప్‌గ్రేడ్ చేయకముందు

అప్‌గ్రేడ్ చేస్తే సిస్టమ్ పోతుందేమోనని భయంగా ఉంది. ముందే ఏం చూసుకోవాలి?

ముందు ఫోటోలు, ఆఫీసు ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. సీ డ్రైవ్‌లోంచి డీ డ్రైవ్‌లోకి కాపీ చేయడం బ్యాకప్ కాదు, చాలావరకు రెండూ ఒకే డిస్క్ మీద ఉంటాయి. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. 'గుడ్' అని కాకుండా 'కాషన్' అని చూపిస్తే అప్‌గ్రేడ్ ఆలోచన మానేసి ముందు డిస్క్ మార్చండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అన్ని జీబీలు తిరగరాస్తే అది అక్కడే ఆగిపోవచ్చు, నింద మాత్రం విండోస్ మీద పడుతుంది.

సీ డ్రైవ్‌లో 25 నుంచి 30 జీబీ ఖాళీ ఉంచండి. బయటి కంపెనీ యాంటీవైరస్ ఉంటే తీసేయండి, మళ్లీ వేసుకోవచ్చు. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి విండోస్ 11 డ్రైవర్లు (వైఫై, గ్రాఫిక్స్ లాంటి భాగాలను విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉన్నాయో లేదో చూడండి. ఆ పేజీ విండోస్ 8 దగ్గరే ఆగిపోయి ఉంటే అది ఒక సూచనే. ఇక కరెంటు సంగతి: డెస్క్‌టాప్‌కి ఉన్న చిన్న యూపీఎస్ పావుగంట కూడా నిలబడదు, అప్‌గ్రేడ్‌కి గంటకు పైనే పడుతుంది. కోతలు లేని వేళ చూసి మొదలుపెట్టండి.

నా పాత సిస్టమ్‌కి విండోస్ 11 రాదంటోంది. వీడియోలు చూసి బలవంతంగా ఎక్కించుకోవచ్చా?

ఎక్కుతుంది. ఎక్కాక వచ్చే క్రాష్‌లకు మాత్రం బాధ్యత మీదే. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్‌కి (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే ఏర్పాటు) వీలున్న మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ఇంటెల్‌లో అయితే, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, 8వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లే జాబితాలో ఉన్నాయి. ఈ తనిఖీలను దాటేసే మార్గాలున్నాయి గానీ అలా ఎక్కించిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. 2024లో వచ్చిన 24హెచ్2 అనే విండోస్ 11 వెర్షన్ నుంచి ఇంకో మెలిక ఉంది. ఎస్ఎస్ఈ4.2 సూచనలు తెలియని ప్రాసెసర్ల మీద, అంటే కోర్ 2 డుయో కాలం నాటి వాటి మీద, విండోస్ అసలు బూటే కాదు.

నన్నడిగితే రెండో తరం, మూడో తరం కోర్ ఐ సిస్టమ్‌లను విండోస్ 10 మీదే ఉంచండి. పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 వరకు ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు కట్టక్కర్లేదు. ఆ తర్వాత విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నా బ్రౌజర్, వీడియోలు, పిల్లల చదువు హాయిగా నడుస్తాయి.

నాది 32 బిట్ విండోస్ 10. నేరుగా మారొచ్చా?

కుదరదు. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. ప్రాసెసర్ 64 బిట్‌ది అయి, మిగతా అర్హతలు ఉంటే డేటా బయటికి తీసుకుని ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసుకోవాల్సిందే.

అప్‌గ్రేడ్ కోసం బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర) సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. ఇప్పుడు అసలు విండోసే రావట్లేదు!

డేటా ఎక్కడికీ పోలేదు, కంగారు పడకండి. మీ విండోస్ పాత పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా డిస్క్ అమరిక మీద, లెగసీ అనే పాత బూట్ మోడ్‌లో వేసి ఉంది. సెక్యూర్ బూట్‌కి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ మోడ్ కావాలి, ఆ మోడ్‌లో పాత డిస్క్ బూట్ కాదు. బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ (కొన్నింటిలో సీఎస్ఎమ్ అని ఉంటుంది) తిరిగి ఆన్ చేస్తే విండోస్ వస్తుంది. వచ్చాక డేటా కాపీ చేసుకుని, విండోస్‌తోనే వచ్చే 'ఎంబీఆర్ 2 జీపీటీ' (ఖాళీలు లేకుండా ఒకే పదం) అనే కమాండ్‌తో డిస్క్‌ని జీపీటీ అనే కొత్త అమరికకు మార్చండి. బయోస్‌లో యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ ఆన్ చేసేది ఆ తర్వాతే. ఈ వరుస తప్పితేనే తిప్పలు.

## అప్‌గ్రేడ్ మధ్యలో

శాతం కదలకుండా గంట నుంచి అక్కడే ఉంది. పవర్ బటన్ నొక్కేయనా?

ఆగండి. హార్డ్‌డిస్క్ లైటు అప్పుడప్పుడైనా మెరుస్తుంటే పని జరుగుతున్నట్టే. ఎస్ఎస్‌డీ లేని పాత సిస్టమ్‌లలో మూడు నాలుగు గంటలు పట్టడం నేను చూశాను. ఈలోగా ప్రింటర్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్ తీసేయండి, కీబోర్డు, మౌస్ చాలు. రాత్రంతా వదిలేసినా కదలకపోతే, లైటు కూడా చచ్చినట్టుంటే, అప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపండి. చాలాసార్లు తిరిగి ఆన్ చేయగానే విండోస్ తనంతట తానే పాత వెర్షన్‌కి వెళ్లిపోతుంది.

అప్‌గ్రేడ్ ఫెయిల్ అయి పాత విండోసే వచ్చింది. చివర సీ1900101 అనే కోడ్ చూపించింది. అంటే?

ఎక్కువసార్లు డ్రైవర్ గొడవ. కొత్త విండోస్ లేచే సమయంలో ఏదో డ్రైవర్ దాన్ని పడగొట్టింది. అదనపు యూఎస్‌బీ పరికరాలన్నీ తీసి, బయటి యాంటీవైరస్, వీపీఎన్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లను కంపెనీ సైట్ నుంచి కొత్తవి వేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'సెటప్‌డయాగ్' అనే చిన్న ప్రోగ్రామ్ లాగ్‌లు చదివి ఎక్కడ తప్పిందో చెబుతుంది. కొన్నిసార్లు డ్రైవర్ పేరే రాసి పెడుతుంది.

పక్కింటివాళ్లకి కొత్త వెర్షన్ వచ్చింది, నాకు రావట్లేదు. ఐఎస్ఓ (విండోస్ మొత్తం ఉండే ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని నేనే వేసుకోనా?

తొందరపడొద్దు. ఫలానా మోడల్‌లో క్రాష్ అవుతోందని తెలిస్తే, పరిష్కారం దొరికేదాకా ఆ మోడల్స్‌కి మైక్రోసాఫ్ట్ అప్‌గ్రేడ్ పంపకుండా నిలిపేస్తుంది. 2024 అక్టోబరులో 24హెచ్2 వచ్చినప్పుడు ఏసుస్ ఎక్స్415కేఏ, ఎక్స్515కేఏ లాప్‌టాప్‌లకు ఇలాగే ఆపారు, వాటిలో బ్లూ స్క్రీన్ (విండోస్ పడిపోయినప్పుడు వచ్చే నీలి తెర) వస్తోందని. ఐఎస్ఓతో ఎక్కిస్తే ఆ అడ్డుకట్టను మీరే దాటినట్టు. అప్‌గ్రేడ్ ఆలస్యమైనంత మాత్రాన నష్టం లేదు, సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తుంటే చాలు.

## ఆన్ చేస్తే విండోస్ రాకపోతే

లోగో దాకా వచ్చి మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. ఇదే తిరగడం. ఎలా ఆపాలి?

యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేయండి. ఆన్ చేసి, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా మూడుసార్లు చేస్తే విండోస్ తనే రిపేర్ తెర చూపిస్తుంది. అందులో 'ట్రబుల్‌షూట్', తర్వాత 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'. మొదట 'స్టార్టప్ రిపేర్' నొక్కి చూడండి. ఫలితం లేకపోతే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'లోకి వెళ్లి చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. అదీ కాకపోతే 'స్టార్టప్ సెట్టింగ్స్'లో రీస్టార్ట్ నొక్కి, జాబితా రాగానే 4 నొక్కండి. సేఫ్ మోడ్ వస్తుంది.

సేఫ్ మోడ్‌లో విండోస్ సొంత డ్రైవర్లు మాత్రమే లేస్తాయి. అక్కడ బాగా నడిచిందంటే విండోస్ మంచిదే, బయటి డ్రైవరో, యాంటీవైరసో అడ్డం పడుతోంది. 2024 జులై 19 గుర్తుందా? శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. ప్రపంచమంతా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఇలాగే పడిపోయాయి. తప్పు విండోస్ అప్‌డేట్‌ది కాదు, క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఒక ఫైలుది. చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే సిస్టమ్ లేచి కూర్చుంది.

తెర నల్లగా ఉంది, మౌస్ బాణం మాత్రం కదులుతోంది. ఇది చచ్చినట్టా?

బాణం కదులుతోందంటే బతికే ఉంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ ఒకేసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకసారి ఆగి లేస్తుంది. మారకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, 'రన్ న్యూ టాస్క్'లో ఎక్స్‌ప్లోరర్ అని కొట్టండి. డెస్క్‌టాప్ వస్తే ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసుకోండి. టీవీకో రెండో మానిటర్‌కో కేబుల్ పెట్టి ఉంటే అదీ తీసి చూడండి. బొమ్మ అటు వెళ్లి కూర్చున్న సందర్భాలు ఉన్నాయి.

బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వమంటోంది. నేనెప్పుడూ ఏ లాకూ పెట్టలేదే!

మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బయోస్ అప్‌డేట్ అయినా, సెక్యూర్ బూట్ సెట్టింగ్ మారినా, ఎవరో డిస్క్‌ని ముట్టుకున్నారనుకుని 48 అంకెల కీ అడుగుతుంది. ఫోన్లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, 'డివైసెస్' కింద రికవరీ కీల కోసం చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీతో సరిపోయేదే మీది.

మన దగ్గర వచ్చే చిక్కు వేరే. లాప్‌టాప్ కొన్నరోజు షాపులో కుర్రాడు తన మెయిల్‌తోనో, కొత్తది ఒకటి సృష్టించో లాగిన్ చేసి ఇస్తాడు. కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. కీ ఎక్కడా దొరక్కపోతే ఆ డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. "మేం తెరిచి ఇస్తాం" అన్న షాపు చివరికి చేసేది ఫార్మాటే.

"ఇనాక్సెసబుల్ బూట్ డివైస్" అని వస్తోంది. డిస్క్ పోయిందా?

బయోస్‌లో డిస్క్ పేరు కనిపిస్తుంటే చాలావరకు పోలేదు. విండోస్‌కి ఆ డిస్క్‌ని చదివే డ్రైవర్ దొరకడం లేదంతే. బయోస్ అప్‌డేట్ చేశాకో, బయోస్ బ్యాటరీ తీసి పెట్టాకో, స్టోరేజ్ మోడ్ (కంప్యూటర్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) దాని మొదటి స్థితికి మారిపోతుంది. ఏహెచ్‌సీఐ ఉన్నచోట రెయిడ్, లేదా ఇంటెల్ వీఎమ్‌డీ ఆన్, ఇలా. ఇంతకుముందు ఏది ఉండేదో ఆ మోడ్‌కి మార్చి చూడండి. గుర్తులేకపోతే ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసినా నష్టం లేదు, డేటా చెరిగిపోదు. బిట్‌లాకర్ కీ మాత్రం అడగొచ్చు, దగ్గర పెట్టుకోండి. బయోస్‌లోనే డిస్క్ కనిపించకపోతే కేబుల్, స్లాట్ చూడాలి.

## వాడుతుండగా క్రాష్ అవుతుంటే

అందరూ బ్లూ స్క్రీన్ అంటారు, నాకు నల్లగా వచ్చింది. ఇది ఇంకా పెద్ద జబ్బా?

అదే జబ్బు, చీర మారింది. 2025లో విండోస్ 11 అప్‌డేట్లతో ఆ తెరను నల్లగా మార్చారు. ఏడుపు మొహం, క్యూఆర్ కోడ్ తీసేశారు. కింద స్టాప్ కోడ్, దొరికితే దానికి కారణమైన ఫైలు పేరు ఉంటాయి. వెంటనే ఫోన్‌తో ఫోటో తీయండి. "ఏదో ఇంగ్లిష్‌లో వచ్చింది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ స్టాప్ కోడ్‌ని బట్టి ఏం అర్థం చేసుకోవాలి?

ఏ వైపు వెతకాలో చెబుతుంది గానీ, దోషి పేరు కాదు. పేరులో 'ఐఆర్‌క్యూఎల్' అని ఉంటే డ్రైవర్ తనది కాని మెమరీలో వేలు పెట్టింది. అప్‌గ్రేడ్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే, వైఫై, లాన్, వీపీఎన్ డ్రైవర్ల నుంచి మొదలుపెట్టి చూడండి. 'వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్' అంటే గ్రాఫిక్స్ కార్డు పిలిస్తే పలకలేదు, లేపినా లేవలేదు. డ్రైవర్, వేడి, పవర్ సప్లై ఈ వరుసలో అనుమానించండి. 'డీపీసీ వాచ్‌డాగ్' అంటే ఏదో డ్రైవర్ పని పట్టుకుని వదలడం లేదు, ఎస్ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్), స్టోరేజ్ డ్రైవర్ చూడాలి.

'మెమరీ మేనేజ్‌మెంట్', 'పేజ్ ఫాల్ట్' అని వస్తే అందరూ ర్యామ్ అంటారు. కావచ్చు, కాకపోవచ్చు, చెత్త డ్రైవర్ కూడా ఇవే తెప్పిస్తుంది. 'క్రిటికల్ ప్రాసెస్ డైడ్' వస్తే విండోస్ ఫైళ్లు చెడ్డాయేమో, డిస్క్ చదవడం ఆగిందేమో చూడాలి.

'డబ్ల్యూహెచ్ఈఏ' అని మొదలైతే మాత్రం కథ వేరు. అది హార్డ్‌వేర్ తనంతట తాను చేసుకున్న ఫిర్యాదు. ఓవర్‌క్లాక్ (చిప్‌ని దాని మామూలు వేగం కంటే ఎక్కువగా నడపడం) ఉంటే తీసేయండి, వేడి చూడండి, బయోస్ కొత్తది వేయండి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ వల్ల చిప్ దెబ్బతిని క్రాష్ అవుతున్నట్టు 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, బయోస్ ద్వారా సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. మీది ఆ తరమైతే విండోస్‌ని తిట్టేముందు అది చూసుకోండి.

కోడ్ చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోంది. ఎలా పట్టుకోవాలి?

స్టార్ట్‌లో 'రిలయబిలిటీ' అని టైప్ చేసి 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' తెరవండి. రోజువారీగా ఎర్ర గుర్తులు ఉంటాయి. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ వేశారో, ఏ డ్రైవర్ మారిందో కూడా అదే పట్టికలో కనిపిస్తుంది. ఇంత ఉపయోగపడే తెరను విండోస్ ఎందుకంత లోపల దాచిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఇంకా లోతుకు వెళ్లాలంటే సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో 'మినీడంప్' అనే ఫోల్డర్ ఉంటుంది. ప్రతి క్రాష్‌కీ అందులో ఒక ఫైలు పడుతుంది. దాన్ని బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిస్తే డ్రైవర్ పేరు కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటే, డంప్ రాసే తీరిక కూడా లేకుండా కరెంటు పోయినట్టు ఆగిపోతోందేమో, పవర్ వైపు చూడండి.

ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే చిట్టా) "కెర్నల్ పవర్ 41" అని ఎర్రగా ఉంది. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చాలా?

దాన్ని చూసి మార్చకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ ఆగింది అని మాత్రమే దానర్థం. కరెంటు పోయినా, బ్లూ స్క్రీన్ వచ్చినా, మీరే బటన్ నొక్కి ఆపినా 41 పడుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న నిమిషాల్లో 'బగ్‌చెక్' 1001 ఉందేమో చూడండి. ఉంటే అందులో అసలు కోడ్ ఉంటుంది.

ఏ డ్రైవర్ వల్లో ఎలా తెలుస్తుంది? అన్నీ అప్‌డేట్ చేసేయనా?

అన్నీ ఒకేసారి మార్చడమే పెద్ద తప్పు. క్రాష్ ఆగినా ఎందుకు ఆగిందో తెలియదు, పెరిగినా ఎందుకు పెరిగిందో తెలియదు. ఒకటి మార్చి, ఒకట్రెండు రోజులు వాడి, అప్పుడు రెండోది.

నేను పాటించే వరుస ఇది. మొదట డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు. తర్వాత చిప్‌సెట్ డ్రైవర్, దీన్ని అందరూ మర్చిపోతారు, స్లీప్ గొడవలు సగం దీనితోనే పోతాయి. తర్వాత గ్రాఫిక్స్, వైఫై, చివరికి ఆడియో. లాప్‌టాప్ అయితే కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చినవే వాడండి. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకి ఎన్‌విడియా, ఏఎమ్‌డీ సైట్లకే వెళ్లండి. అప్‌గ్రేడ్‌లో విండోస్ తనంతట తాను వేసిన కొత్త డ్రైవరే దోషి అనిపిస్తే, డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డ్రైవర్, 'రోల్ బ్యాక్' నొక్కండి.

ఒకే క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ కొత్తవి చేస్తామనే ప్రోగ్రామ్‌ల జోలికి పోవద్దు. క్రాష్ అవుతోందని నా దగ్గరికి వచ్చిన లాప్‌టాప్‌లలో ఇవి వేసి ఉన్నవి తక్కువేమీ కాదు. అవి తెచ్చేవి మీ మోడల్‌కి సరిపడే డ్రైవర్లే అన్న నమ్మకం లేదు.

ఎస్ఎస్‌డీ మంచి కంపెనీదే, ఏడాది కూడా కాలేదు. అదెందుకు కారణమవుతుంది?

డిస్క్ బాగున్నా, దానిలోపల ఉండే ఫర్మ్‌వేర్ పాతదైతే కొత్త విండోస్‌తో పొసగకపోవచ్చు. వెస్ట్రన్ డిజిటల్ ఎస్ఎన్770, ఎస్ఎన్580 మోడల్స్‌లో 2 టీబీవి ఇందుకు ఉదాహరణ. వీటికి సొంత డీర్యామ్ (తాత్కాలిక మెమరీ) ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌లోంచి కొంత అప్పు తీసుకుంటాయి. ఇంతకుముందు విండోస్ 64 ఎంబీ ఇచ్చేది, 24హెచ్2 వచ్చాక డిస్క్ అడిగినట్టే 200 ఎంబీ ఇచ్చింది. దాంతో బ్లూ స్క్రీన్లు మొదలయ్యాయి. కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాక తగ్గాయి. మీ ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే డ్యాష్‌బోర్డ్ ప్రోగ్రామ్‌లో ఫర్మ్‌వేర్ చూడండి. అప్‌డేట్ నొక్కేముందు డేటా కాపీ తప్పనిసరి.

జీఎస్‌టీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, పాత సాఫ్ట్‌వేర్ డాంగిల్ (యూఎస్‌బీ తాళం) పెట్టగానే పడిపోతోంది. ఎందుకు?

వాటి డ్రైవర్లు ఏ కాలంనాటివో చూడండి. మాకు తెలిసిన ఒక డీటీపీ షాపులో పెళ్లి శుభలేఖలు చేసే సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ తాళం ఉంది. దాని డ్రైవర్ పదిహేనేళ్ల నాటిది. మాఘమాసం గిరాకీ మధ్యలో అప్‌గ్రేడ్ చేసుకుని నెత్తిన చేతులు పెట్టుకున్నారు. తాళం తీస్తే సిస్టమ్ బంగారం, పెడితే బ్లూ స్క్రీన్.

ముందు టోకెన్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ తెచ్చి, పాతది పూర్తిగా తీసి, రీస్టార్ట్ చేసి వేయండి. విండోస్ సెక్యూరిటీలో 'కోర్ ఐసొలేషన్' కింద 'మెమరీ ఇంటెగ్రిటీ' అని ఉంటుంది. దాన్ని ఆన్ చేయబోతే తనతో పొసగని డ్రైవర్ల జాబితా చూపిస్తుంది. మీ డాంగిల్ డ్రైవర్ అందులో ఉందంటే జవాబు దొరికినట్టే. దానికోసం మెమరీ ఇంటెగ్రిటీని శాశ్వతంగా ఆపేయమని కొందరంటారు. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో నేనైతే ఆపను. కొత్త డ్రైవర్ లేకపోతే ఆ ఒక్క పనికి పాత సిస్టమ్‌ని ఇంటర్నెట్ లేకుండా పక్కన ఉంచుకోవడం మేలు. డీటీపీ షాపువాళ్లు చివరికి అదే చేశారు.

గేమ్ ఆడితేనో, వీడియో రెండర్ చేస్తేనో మాత్రమే ఆగిపోతోంది.

బరువు పడినప్పుడే పోతోందంటే ముందు వేడి. ఫ్యాన్లలో దుమ్ము తీయించండి, థర్మల్ పేస్ట్ మార్చి మూడేళ్లు దాటితే మార్పించండి. మే నెల మధ్యాహ్నం వచ్చే క్రాష్‌కి అప్‌గ్రేడ్‌ని అనకండి. అది బాగుంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పూర్తిగా తుడిచి కొత్తది వేయండి. బయోస్‌లో ర్యామ్‌కి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ ఉంటే ఆపి కూడా ఒకసారి చూడండి.

షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే క్రాష్, రీస్టార్ట్ చేస్తే బాగుంటోంది. ఏమిటీ వింత?

'ఫాస్ట్ స్టార్టప్' వల్ల షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. డ్రైవర్లు ఉన్న స్థితిని డిస్క్ మీద రాసుకుని పొద్దున అదే తిరిగి తెరుస్తుంది. పాత చిక్కు కూడా దానితోపాటే లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ'లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఎస్ఎస్‌డీ ఉంటే తేడా రెండు మూడు సెకన్లే.

ఎస్ఎఫ్‌సీ, డిజం కమాండ్లు వేయమని అందరూ చెబుతారు. నిజంగా పనిచేస్తాయా?

విండోస్ ఫైళ్లు చెడిపోయి ఉంటే పనిచేస్తాయి. డ్రైవర్ దోషానికో, హార్డ్‌వేర్‌కో చేయవు. అయినా అరగంట పనే, హాని లేదు. టెర్మినల్‌ని (కమాండ్లు టైప్ చేసే తెర) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు ఇది: డీ ఐ ఎస్ ఎమ్, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రీస్టోర్‌హెల్త్. అది పూర్తయ్యాక: ఎస్ ఎఫ్ సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. రీస్టోర్‌హెల్త్, స్కాన్‌నౌ ఒక్కొక్కటీ ఒకే పదం, మధ్యలో ఖాళీ వద్దు.

ర్యామ్ పోయిందని షాపతను అంటున్నాడు. అప్‌గ్రేడ్ చేస్తే ర్యామ్ పాడవుతుందా?

పాడవదు. అయితే ముందే కొంచెం చెడి ఉన్న ర్యామ్ పాత విండోస్‌లో బయటపడకుండా, కొత్తది ఆ చోటును ఎక్కువగా వాడటంతో బయటపడొచ్చు. డబ్బులిచ్చేముందు పరీక్షించండి. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్ర లైన్ వచ్చినా ర్యామ్‌ని అనుమానించాల్సిందే. అప్పుడు కూడా రెండు స్టిక్‌లు ఉంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి. పవర్ తీసేసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టడం మన దగ్గర పాత చిట్కా. నవ్వకండి, పనిచేసిన సందర్భాలున్నాయి.

## వెనక్కి వెళ్లాలా, ఫార్మాట్ కొట్టాలా

నాకిదంతా వద్దు. పాత విండోస్ 10కి వెళ్లిపోవచ్చా?

అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే వెళ్లొచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' ఉంటుంది. ఫైళ్లు ఉంటాయి, అప్‌గ్రేడ్ తర్వాత వేసిన ప్రోగ్రామ్‌లు పోతాయి. సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్ ఉంటేనే ఇది సాధ్యం. చోటు కోసం డిస్క్ క్లీనప్‌లో దాన్ని తీసేస్తే దారి మూసుకున్నట్టే.

పది రోజుల్లో తేల్చుకోలేమనిపిస్తే గడువు 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ టెర్మినల్‌లో: డీ ఐ ఎస్ ఎమ్, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ సెట్ హైఫన్ ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో, స్పేస్, స్లాష్ వాల్యూ కోలన్ 60. ఇది పది రోజుల్లోపే చేయాలి.

రీసెట్ వేరు, ఫార్మాట్ వేరా? నా ఫైళ్లు ఉంటాయా?

మూడు మెట్లున్నాయి. మొదటిది, విండోస్ మీద విండోస్ వేయడం: ఐఎస్ఓ తెరిచి సెటప్ నడిపి, ఫైళ్లు, యాప్‌లు ఉంచమని ఎంచుకోవడం. ఏదీ పోదు, విండోస్ ఫైళ్లు మాత్రం కొత్తవవుతాయి. ఎవరూ ఇది చెప్పరు, నేరుగా ఫార్మాట్ అంటారు. రెండోది రీసెట్: 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే ఫైళ్లుంటాయి, వేసుకున్న ప్రోగ్రామ్‌లు పోతాయి. మూడోది పూర్తి ఫార్మాట్.

ఫార్మాట్ కొట్టేటప్పుడు 11వ తరం, ఆపై ఇంటెల్ లాప్‌టాప్‌లలో డిస్కే కనిపించకపోతే బెదిరిపోకండి. ఇంటెల్ వీఎమ్‌డీ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కితే కనిపిస్తుంది.

ఫార్మాట్ కొట్టించాను, మూడు వేలు ఖర్చయింది, అయినా క్రాష్ ఆగలేదు!

అంటే దోషం విండోస్ ఫైళ్లలో లేదు. లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండానే, రెండు మూడు గంటలు నడపండి. అందులోనూ ఆగిపోతే హార్డ్‌వేర్: ర్యామ్, వేడి, పవర్ సప్లై, డిస్క్. అందులో బాగుంటే ఫార్మాట్ తర్వాత మళ్లీ అదే డ్రైవర్ వచ్చి కూర్చుందన్నమాట, విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్లీ మళ్లీ తెస్తూ ఉంటుంది. కంపెనీ సైట్‌లోని వేరే వెర్షన్ వేసి చూడండి.

షాపుకు తీసుకెళ్తే ఏమని చెప్పాలి?

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా, మీ ఊరి బస్టాండ్ దగ్గరి షాపుకు వెళ్లినా, "ఆన్ అవ్వట్లేదు" అని ఊరుకోకండి. ఏ తేదీన అప్‌గ్రేడ్ చేశారు, మొదటి క్రాష్ ఎప్పుడు, ఏం చేస్తుండగా, స్టాప్ కోడ్ ఫోటో, సేఫ్ మోడ్‌లో వస్తోందో లేదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. "నన్నడక్కుండా ఫార్మాట్ చేయొద్దు" అని కూడా అదే కాగితం మీద రాయండి. డిస్క్, ర్యామ్ సీరియల్ నంబర్లు ఫోటో తీసి పెట్టుకోండి.

బాగయ్యాక అప్‌డేట్లు పూర్తిగా ఆపేస్తే గొడవ ఉండదు కదా?

పూర్తిగా ఆపొద్దు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ కింద 'పాజ్' ఉంది, ఒకటి నుంచి అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు. నేను ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే అప్‌డేట్‌ని వారం పది రోజులు ఆగి వేస్తాను. ఆలోగా ఏదైనా గొడవ ఉంటే మిగతావాళ్లకి వచ్చి బయటపడుతుంది. కొత్త వెర్షన్‌కి అయితే రెండు మూడు నెలలు ఆగుతాను.